ఈబర్డ్‌లో మా పొలం కొంగ పేరు మారిపోయింది, ఇది నిజంగా వేరే జాతా లేక లిస్టుల గొడవా?

చేనుగట్టు (కోవూరు, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం అండి. పక్షులు చూడటం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు, తెలిసీ తెలియని ప్రశ్న అయితే ఏమనుకోకండి.

మా పొలాల్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనకాలే గుంపులుగా దిగే తెల్లకొంగలు ఉంటాయి కదా, గేదెల కాళ్ళ దగ్గర తిరుగుతూ పురుగులు ఏరుకు తినేవి, వాటిని నేను ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసుకునే యాప్) క్యాటిల్ ఈగ్రెట్ అనే ఎంట్రీ చేస్తూ వచ్చా. మొన్న ఫోన్ మార్చాక తీరిగ్గా పాత చెక్‌లిస్టులు తిరగేస్తుంటే అన్నిట్లో ఈస్టర్న్ క్యాటిల్ ఈగ్రెట్ అని ఉంది. నేనైతే వేలు కూడా పెట్టలేదు. సైంటిఫిక్ పేరు కూడా ముందు బుబుల్కస్ అని ఏదో ఉండేది, ఇప్పుడు ఆర్డియా అని కనపడుతోంది. గుడిలో ఉండే తెల్ల గుడ్లగూబ కూడా అంతే, బార్న్ ఔల్ కాస్తా ఈస్టర్న్ బార్న్ ఔల్ అయిపోయింది.

మా వాట్సాప్ గ్రూపులో అడిగితే పెద్ద రచ్చ అయింది. ఒకాయన కొంగ కొంగే, అమెరికావాళ్ళకి పనీపాటా లేదు అన్నాడు, ఇంకొకాయన ఎప్పటిదో పాత పుస్తకంలో పేజీ ఫొటో తీసి పెట్టి ఇందులో ఉన్నదే ఫైనల్ అన్నాడు, ఇంకొకరు అసలు ఈబర్డ్ ఎవరండీ ఐఓసీ లిస్టే ప్రామాణికం అన్నారు, అక్కణ్ణించి బొంతకాకి మీదకి పోయింది, అది లార్జ్ బిల్డ్ క్రో అని ఒకరు ఇండియన్ జంగిల్ క్రో అని ఒకరు.. చివరికి అడ్మిన్ గ్రూపుకి తాళం వేసేశాడు, ఇంకా తియ్యలేదు.

నాకు తెలియాల్సింది ఏంటంటే, అసలు ఇవి ఎవరు డిసైడ్ చేస్తారు, దేన్ని బట్టి చేస్తారు, మనం నోటుబుక్‌లో ఏ పేరు రాసుకోవాలి. బొంతకాకి సంగతి కూడా ఎవరైనా తేల్చండి, గ్రూపు తెరుచుకున్నాక నేనే పెట్టాలి సమాధానం.

---

పొదలమాటు (హైదరాబాద్)

చేనుగట్టు గారూ, ఏటా అక్టోబర్ దాటాక ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఈసారి మీ వంతు వచ్చింది అంతే.

ముందు సులువైంది చెప్తా. ఈబర్డ్ వాళ్ళు ఏడాదికోసారి, మామూలుగా అక్టోబర్ ఆ ప్రాంతంలో, టాక్సానమీ (జాతుల వర్గీకరణ) అప్‌డేట్ చేస్తారు. ఒక జాతిని రెండుగా విడగొడితే దాన్ని స్ప్లిట్ అంటారు, రెండిటిని ఒకటిగా కలిపేస్తే లంప్ అంటారు. స్ప్లిట్ అయినప్పుడు మీరు చూసిన చోట ఆ రెండిట్లో ఒకటే ఉండే అవకాశం ఉంటే పాత రికార్డులన్నీ వాళ్ళే కొత్త పేరు కిందకి తోసేస్తారు. రెండూ ఉండగలిగే చోటైతే మధ్యలో గీత పెట్టి ఇది గానీ అది గానీ అని వదిలేస్తారు, అప్పుడు మన ఫొటోలు మనమే చూసుకుని మార్చుకోవాలి. నెల్లూరులో ఉన్నది తూర్పు కొంగే, వేరే డౌటు లేదు కాబట్టి మీరు వేలు పెట్టకుండానే మారిపోయింది.

ఇక అది వేరే జాతా అంటే.. జత కట్టే సీజన్లో మీ కొంగని దగ్గరగా చూడండి. తల, బుగ్గలు, గొంతు, మెడ మొత్తం నారింజ రంగులో ముంచి తీసినట్టు ఉంటుంది. ఆఫ్రికా, యూరప్, అమెరికాల్లో ఉండే పడమటి దానికి నడినెత్తిన, రొమ్ము కింద, వీపు మీద మాత్రమే లేత గోధుమ రంగు పూస్తుంది, బుగ్గలు తెల్లగానే ఉండిపోతాయి. మన దానికి కాళ్ళు, మెడ, ముక్కు కూడా కాస్త పొడుగు. సీజన్ లేనప్పుడు తెల్ల ఈకల్లో రెండిటినీ పక్కపక్కన నిలబెడితే విడదీయడం మహా కష్టం, గొడవ అంతా అక్కడే.

ఇందులో తమాషా ఏంటంటే, ఇది కొత్తగా కనిపెట్టిన జాతేం కాదు. లిన్నేయస్ 1758లో పడమటి కొంగకి ఆర్డియా ఐబిస్ అని పేరు పెట్టాడు. తర్వాత 1783లో బొడ్డేర్ట్ అనే డచ్చాయన కోరొమాండల్ తీరం కొంగకి విడిగా పేరు పెట్టాడు, కోరొమాండా అని. కోరొమాండల్ అంటే మన తూర్పు తీరమే, మీ జిల్లా కూడా అందులో భాగమే. ఆ తర్వాత తరాల వాళ్ళు రెండిటినీ కలిపేసి ఒకే జాతి అన్నారు, 19వ శతాబ్దంలో బుబుల్కస్ అనే కొత్త ప్రజాతి పెట్టి అందులో వేశారు. ఇప్పుడు మళ్ళీ విడదీశారు, ప్రజాతి కూడా మళ్ళీ ఆర్డియాయే. బుబుల్కస్‌లో ఉన్నన్నాళ్ళూ కోరొమాండస్, ఆర్డియాకి వచ్చేసరికి కోరొమాండా, ఎందుకంటే లాటిన్‌లో ప్రజాతి పేరు స్త్రీలింగం అయితే వెనక మాట కూడా దాన్ని బట్టి మారాలి. ఇలాంటివి చూసి నాకైతే సరదాగా ఉంటుంది, మా ఇంట్లో వాళ్ళకి మాత్రం కాదు.

ఎవరు డిసైడ్ చేస్తారంటే, ఒక్కరు కాదు, అదే తంటా. ఈబర్డ్ వాడేది అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ క్లెమెంట్స్ లిస్టు. ఐఓసీ అనే అంతర్జాతీయ పక్షి శాస్త్రవేత్తల సంఘానిది ఇంకొకటి. పక్షి సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ వాళ్ళది వేరేది, ఏ జీవికి ఎంత ప్రమాదం ఉందో చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్టు నడిచేది దాని మీదే. ఒక్కోదానికి ఒక్కో కమిటీ, ఒకే పేపర్ చదివి ఒకరు స్ప్లిట్ అంటారు ఇంకొకరు ఆధారం చాలదంటారు. ఈ గోల పడలేక అందరూ కూర్చుని 2025 జూన్‌లో ఏవిలిస్ట్ అని ఒక ఉమ్మడి జాబితా తెచ్చారు, మొదటి వెర్షన్లో 11,131 జాతులు ఉన్నాయి. మిగతా లిస్టులు ఇక దానికి దగ్గరగా జరుగుతాయి. మన దేశానికైతే 2016లో ఇండియన్ బర్డ్స్ పత్రికలో వచ్చిన చెక్‌లిస్టు ఉంది, అప్పట్లో 1,263 జాతులు, తర్వాత దాన్ని అప్‌డేట్ చేస్తూ వస్తున్నారు. ఆ పత్రిక వచ్చేది మన హైదరాబాద్ నుంచే అని చాలామందికి తెలీదు.

కాబట్టి పాత పుస్తకం ఫొటో పెట్టినాయన తప్పు కాదు, ఆ పుస్తకం అచ్చయిన నాటికి అది కరెక్టు.

---

గూబకళ్ళు (వరంగల్)

పొదలమాటు అన్నా, మంచిగ చెప్పినవ్ గానీ నాకు ఒకటి అర్థం కాదు. గిదంతా సైన్సే అయితే కమిటీలల్ల ఓట్లెందుకు? చేతులెత్తి జాతులు చేసుడేంది?

బర్డ్‌లైఫోళ్ళది ఇంకో పద్ధతి ఉంది, టోబియాస్ స్కోరింగ్ అంటరు, 2010ల వచ్చింది. రంగు తేడాకిన్ని మార్కులు, సైజు తేడాకిన్ని, అరుపు తేడాకిన్ని, మొత్తం కలిపి 7 వస్తే జాతి, రాకపోతే ఉపజాతి. ఆరొస్తే ఫెయిల్ అన్నట్టు, ఇంటర్ పరీక్షల్లెక్క. ఆ ఏడే ఎందుకు, ఎనిమిదెందుకు కాదు అని అడిగితే, ముందుగల్ల అందరూ ఒప్పుకున్న జాతుల జంటలను తీసుకొని లెక్క కట్టి అక్కడ గీత గీసిన్రు అని చెప్తరు. అంటే ఒప్పుకున్నదాన్ని పట్టుకొనే ఒప్పుకోవాల్సినదాన్ని కొలుస్తున్రు. నాకైతే గది గుండ్రంగ తిరిగినట్టే అనిపిస్తది.

పాత నిర్వచనం మంచిగుండె. ఎర్నెస్ట్ మేయర్ అనే జీవశాస్త్రవేత్త 1942ల చెప్పింది, కలిసి పిల్లలను కని ఆ పిల్లలు కూడా మంచిగ బతికి మళ్ళ పిల్లలను కంటే ఒక జాతి, లేకుంటే వేరు. కాలేజీల అందరం చదివినం. మరి మన పాలపిట్ట సంగతేంది? తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు ఊరంత పొలాల పొంటి దేవులాడేది దీన్నే. ఇండియన్ రోలర్, ఇండోచైనీస్ రోలర్ అని రెండు చేసిన్రు. మన దానికి గొంతు, రొమ్ము కొంచెం ఎర్రగోధుమ రంగు, గీతలు గీతలు. దానికి ముఖం, రొమ్ము మొత్తం ఊదా కలిసిన ముదురు రంగు, మనది చూసి అది చూస్తే మాడిపోయినట్టు ఉంటది. మంచిది, తేడా ఉన్నది ఒప్పుకుంట. కానీ అస్సాం దిక్కు రెండూ కలిసే చోట జతలు కడుతయ్, మధ్యరకం పిల్లలు కనపడుతయ్, ఈబర్డ్‌లనే హైబ్రిడ్ అని ఆప్షన్ ఇచ్చిన్రు. మేయర్ లెక్కన అది ఒకటే కదా?

నేను విడగొట్టుడుకు వ్యతిరేకం కాదు. కానీ ఏడాదికోసారి లిస్టు కిందమీద చేసి, కొత్తగ వచ్చిన పిలగాండ్లకు పేరు నేర్పేలోపే పేరు మారుస్తుంటే వాళ్ళు పక్షిని చూస్తరా యాప్‌ను చూస్తరా. బడి పిల్లలను చెరువు కాడికి తీస్కపోతే వాళ్ళ ముంగట నేను ఈస్టర్న్ గీస్టర్న్ అనను, కొంగ అంట.

---

డాలస్_చిన్నోడు (టెక్సస్)

గూబకళ్ళు బ్రో, నీ పాలపిట్ట బాధ కంటే నా బాధ పెద్దది, విను.

నేను ఇక్కడికి రాకముందు మిన్నెసోటాలో ఉద్యోగం. అక్కడ సాక్స్ జిమ్ బాగ్ అని ఒక చిత్తడి అడవి ఉంటుంది, చలికాలంలో ఉత్తరాది పక్షులన్నీ దిగుతాయని దేశం నలుమూలల నుంచి బర్డర్లు వస్తారు. అక్కడ కామన్ రెడ్‌పోల్స్ గుంపులో హోరీ రెడ్‌పోల్ అని తెల్లగా, బూడిద చల్లినట్టు ఉండే పిట్ట ఒకటీ అరా కలిసి ఉంటుంది, దాన్ని వెతకడం అంటే తపస్సే. మైనస్ ఇరవైల్లో, గ్లవ్స్ తీస్తే వేళ్ళు కొంకర్లు పోయే చలిలో ఫీడర్ ముందు నిలబడి పిట్టకి తోక కింద ఈకల మీద చారలున్నాయా లేవా, ముక్కు పొట్టిగా ఉందా అని చూస్తూ, పక్కనున్నాయన హోరీ అంటే ఇంకొకాయన కాదంటూ, ఆఖరికి ఒకదాన్ని అందరూ ఒప్పుకున్నాక టిక్ పెట్టుకున్నా. 2024లో అమెరికా ఆర్నిథలాజికల్ సొసైటీ వాళ్ళు కామన్, హోరీ, లెస్సర్ మూడూ కలిపి ఒకటే రెడ్‌పోల్ అనేశారు. ఈబర్డ్ కూడా అదే ఏడాది ఫాలో అయిపోయింది. నా లైఫర్ (జీవితంలో మొదటిసారి చూసి టిక్ పెట్టుకున్న జాతి) గాల్లో కలిసిపోయింది.

కారణం చదివితే మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చింది. 2021లో ఒక పేపర్ వచ్చింది. వీటి డీఎన్ఏ దాదాపు అంతా ఒకటే, ఒక క్రోమోజోమ్ మీద పెద్ద ముక్క తలకిందులుగా తిరిగి ఉంది, సూపర్‌జీన్ అంటారు, ఆ ముక్క ఏ రకంది ఉంటే పిట్ట ఆ రంగులో, ఆ ముక్కు సైజులో ఉంటుంది. మధ్యరకాలు కూడా ఉంటాయి. అంటే మేమందరం చలిలో నిలబడి కొట్టుకున్నది రెండు జాతుల గురించి కాదు, ఒక జాతిలో ఒక ముక్క గురించి.

ఇంకో పక్క లాభం కూడా వచ్చిందిలే. ఇక్కడ టెక్సస్ గడ్డి మైదానాల్లో ఆవుల పక్కన తిరిగేది వెస్టర్న్ క్యాటిల్ ఈగ్రెట్, ఇంటికొచ్చినప్పుడు మా తెనాలి పొలాల్లో చూసింది ఈస్టర్న్. గుడ్లగూబ కూడా అంతే, బార్న్ ఔల్‌ని అమెరికన్, వెస్టర్న్, ఈస్టర్న్ అని మూడు చేశారు, నాకు రెండున్నాయి. సోఫాలో కూర్చుని టీ తాగుతూ లిస్టు పెరిగింది, ఇక్కడ దీన్ని ఆర్మ్‌చైర్ టిక్ అంటారు. ఈ పడమటి కొంగ కూడా అమెరికాది కాదు, నాలాగే వలసొచ్చిందే. 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికాలో దిగి, అక్కణ్ణించి పైకి పాకి, 1950ల్లో ఫ్లోరిడాలో గూళ్ళు పెట్టింది. మన తూర్పుది అటు ఆస్ట్రేలియా వైపు పాకింది. ఏ వీసా లేకుండా.

---

పెన్నా_ఇసుక (కడప)

ఏమప్పా అందురూ కొంగల గురించే కొట్లాడుకుంటాండారు, మనుషుల పేర్లున్న పక్షుల సంగతి ఎవురూ ఎత్తలేదే. అసలు యవ్వారం అక్కడుండాది.

2023 నవంబర్ 1న అదే అమెరికా సొసైటీ వాళ్ళు, మనుషుల పేర్లు పెట్టిన పక్షులన్నిటికీ ఇంగ్లీషు పేర్లు మారుస్తామని చెప్పినారు. మొదట అమెరికా, కెనడాల్లో 70, 80 పక్షులు అన్నారు. అంతకుముందే 2020లో మెక్‌కౌన్స్ లాంగ్‌స్పర్ అనే పిట్ట పేరు తీసేసి థిక్ బిల్డ్ లాంగ్‌స్పర్ అని పెట్టినారు, ఆ మెక్‌కౌన్ అనేటోడు బానిసత్వం కోసం పోరాడిన పక్షాన జనరల్‌గా పనిచేసినాడని. దాని మీద అక్కడ బర్డర్లు రెండు ముక్కలైపోయినారు. సైంటిఫిక్ పేరు మాత్రం అట్లే ఉంటాది, దాని రూల్సు వేరే, ముందు పెట్టినోడిదే పేరు, మనిషి మంచోడా చెడ్డోడా అని చూడరు.

ఆ సొసైటీ మాట మన దేశానికి రాదు, నిజమే. కానీ ఇక్కడ కూడా అడగాల్సిన ప్రశ్నే. మా లంకమల పక్షి తీసుకోండి. జెర్డాన్స్ కోర్సర్. 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త సైంటిఫిక్ పేరు పెట్టినాడు, పక్షిని పట్టిచ్చింది జెర్డాన్, కాబట్టి ఇంగ్లీషులో ఆయన పేరు. 1900లో అనంతపురం దగ్గర కనపడినాక మళ్ళా ఎవురికీ కనపడలేదు, ఇంక పోయిందిలే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్ళా దొరికింది. దొరికింది ఎట్లనుకున్నారు? బాంబే నుంచి వచ్చిన సైంటిస్టు బొమ్మ చూపిచ్చి ఊరూరా అడిగితే, ఊరోళ్ళే ఇది మా కలివికోడి గదా అన్నారు, ఊరాయన ఒకరు రాత్రిపూట టార్చిలైటు ఏసి చేత్తో పట్టుకొచ్చినాడు. లోకానికి 86 ఏండ్లు లేని పక్షి మా వాళ్ళకి పేరుతో సహా ఉండాది. ఆ కలివి పొదల్లో తిరుగుతాది కాబట్టి ఆ పేరు.

అట్లాంటప్పుడు ఇంగ్లీషు లిస్టులో కూడా కలివికోడి అని ఎందుకు ఉండకూడదు? పలకలేరు అంటారు. కోయిల్ పలుకుతాండారు, మైనా పలుకుతాండారు, బాజా అని మన హిందీ మాటే డేగ పేరయింది. నీలగిరి, పళని కొండల్లో ఉండే నీలం పిట్టలకి 2017లో కొత్త ప్రజాతి పెట్టినాక ఈబర్డ్‌లో షోలకిలి అనే రాస్తాండారు, అది వాళ్ళ భాష మాటే. వాళ్ళకి పలికింది మా కలివికోడి పలకదా?

ఇంకో మాట. జెర్డాన్ చెడ్డోడు అని నేను అనడం లే. కంపెనీ డాక్టరు, నెల్లూరులో సివిల్ సర్జన్ చేసినాడు, అక్కడ యానాదులతోనే పక్షులు పట్టిచ్చుకున్నాడు, వాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నాడు, అది మేలే. కానీ ఆయన పేరు ఎన్ని పక్షులకో చూడండి, కోర్సర్, లీఫ్‌బర్డ్, బుష్‌లార్క్, బాజా, బ్యాబ్లర్, బుష్‌చాట్.. పట్టిచ్చిన యానాదుల పేరు ఒక్కదానికి లేదు. నాకు దాంట్లోనే కడుపుమంట.

---

షోలా_నీడ (బెంగుళూరు, మా ఊరు కర్నూలు)

పెన్నా_ఇసుక అన్నా, మీతో సగం ఒప్పుకుంటా. మనుషుల పేర్లన్నీ తీసేస్తే మనవాళ్ళవి కూడా పోతాయి కదా. హిమాలయాల్లో 2016లో వర్ణించిన థ్రష్‌కి జూథెరా సలీమాలీ అని సలీం అలీ గారి పేరు పెట్టారు. అరుణాచల్‌లో 2006లో వచ్చిన బుగున్ లియోసిక్లా అనే పిట్ట అయితే అక్కడి బుగున్ ప్రజల పేరు. పేరు తీసెయ్యడం కంటే ఇకమీద పెట్టేవి ఎవరివి పెడుతున్నాం అన్నది నాకు ముఖ్యం అనిపిస్తుంది. కలివికోడి మాత్రం పెట్టాల్సిందే, దానికి నా ఓటు.

గూబకళ్ళు గారి ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు, నేను ట్రై చేస్తా. నేను రీసెర్చ్ స్టూడెంట్‌ని, కమిటీల్లో లేను.

పాలపిట్టల విషయంలో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. డీఎన్ఏ చూస్తే ఇండోచైనీస్ రోలర్‌కి దగ్గర చుట్టం మన పాలపిట్ట కాదట, ఇండోనేషియాలో సులవేసి దీవిలో ఉండే ఇంకో రోలర్ అట. ఇప్పుడు మన పాలపిట్టనీ ఇండోచైనీస్ దాన్నీ ఒక జాతి అంటే, మధ్యలో సులవేసి దాన్ని కూడా అందులోనే కలపాలి, లేకపోతే చుట్టరికం లెక్క తప్పుతుంది. సులవేసి దాన్ని ఎవరూ కలపమనరు, అంత తేడాగా ఉంటుంది. అందుకే విడగొట్టారు. సరిహద్దులో కలిసి పిల్లల్ని పెట్టడం ఒక్కటే చూస్తే మేయర్ ప్రకారం ఒకటి, వంశం చూస్తే రెండు. మేయర్ తర్వాత వచ్చినవాళ్ళు కూడా కొంచెం హైబ్రిడ్లు ఉంటే ఉండనీ, అవి ఒక సన్నటి పట్టీలోనే ఆగిపోతున్నాయా లేక రెండు పక్కలా పాకి కలగలిసిపోతున్నాయా అన్నది చూడమంటారు. జాతులు విడిపోవడం లక్షల ఏళ్ళు పట్టే పని, మనం మధ్యలో వచ్చి ఫొటో తీసి తేలిందా లేదా అని అడుగుతున్నాం, కొన్ని తేలవు. తేలని చోట కూడా లిస్టులో ఏదో ఒకటి రాయాలి కాబట్టే ఓట్లు.

సైన్స్ లేకుండా చేతులెత్తడం అయితే కాదు. ఆ సలీమాలీ థ్రష్‌నే తీసుకోండి. 2009లో ఒక స్వీడన్ శాస్త్రవేత్త, మన దేశపు శాస్త్రవేత్త కలిసి అరుణాచల్‌లో తిరుగుతూ, ఒకే జాతి అనుకున్న పిట్టలు అడవిలో ఉన్నవి తియ్యగా పాడుతున్నాయి, చెట్లు లేని పై కొండల్లో ఉన్నవి గరగరమని పాడుతున్నాయి అని పట్టారు. అక్కణ్ణించి మ్యూజియం నమూనాలు కొలిచి, డీఎన్ఏ చూసి, పాటలు రికార్డు చేసి పోల్చి, అచ్చయ్యేసరికి 2016. మొదలైంది మాత్రం చెవితో.

ఇంకోటి, ఇది టిక్కుల గొడవ మాత్రమే అనుకోకండి. పడమటి కనుమల లాఫింగ్‌థ్రష్‌లు ఒకప్పుడు అన్నీ కలిపి ఒకటో రెండో జాతులు. విడగొట్టాక తేలింది ఏంటంటే బాణాసుర లాఫింగ్‌థ్రష్ అనేది వయనాడ్ చుట్టుపక్కల కొన్ని కొండ శిఖరాల మీద తప్ప లోకంలో ఎక్కడా లేదు. కలిపి ఉన్నన్నాళ్ళూ దాని గురించి ఎవరికీ దిగులు లేదు, ఎందుకంటే మొత్తంగా బోలెడు ఉన్నాయిగా. ఇప్పుడు ఐయూసీఎన్‌లో అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో ఉంది. (దాని సైంటిఫిక్ పేరు మాంటెసింక్లా జెర్డొనై. అన్నా, మళ్ళీ మీ జెర్డానే!)

---

గూబకళ్ళు (వరంగల్)

సులవేసి సంగతి నాకు తెల్వది అక్కా, గది విన్నంక పాలపిట్ట విషయంల నేను తగ్గుత. మార్కుల పద్ధతి మీద మాత్రం తగ్గ. ఫొటోలు చూసి మార్కులేసి జాతులు చేసిన్రు కొన్ని, వాటిల వెనక్కి తీస్కున్నయ్ కూడా ఉన్నయ్.

---

పెన్నా_ఇసుక (కడప)

ఈ జెర్డాన్ మమ్మల్ని వదిలేట్టు లేడే. షోలా_నీడమ్మా, ఒక్క ఓటు వచ్చింది, సంతోషం.

---

చేనుగట్టు (కోవూరు)

అందరికీ థాంక్స్ అండి, ఇంత జరుగుతుందని అనుకోలేదు. కొంగ సంగతి అర్థమైంది, కోరొమాండా అంటే మన తీరమే అని చెప్తే మా గ్రూపులో అమెరికావాళ్ళ పని అన్నాయన కూడా మెత్తబడతాడేమో చూడాలి. మరి బొంతకాకి? అది ఎవరూ తేల్చలేదు. ఇంకా నోటుబుక్‌లో ఏం రాయాలి అన్నది కూడా.

---

పొదలమాటు (హైదరాబాద్)

బొంతకాకి తేలదండీ, అందుకే ఎవరూ ముట్టుకోలేదు. ఐఓసీ లిస్టులో చాన్నాళ్ళు మన దక్షిణాది బొంతకాకి ఇండియన్ జంగిల్ క్రో అని విడి జాతిగా ఉంటూ వచ్చింది, కోర్వస్ కుల్మినేటస్. ఈబర్డ్‌లో అది లార్జ్ బిల్డ్ క్రోలో ఒక గ్రూపు, బ్రాకెట్లో ఇండియన్ జంగిల్ అని ఉంటుంది. మీ గ్రూపులో ఇద్దరూ చెప్పింది ఒకే కాకి గురించే, ఎవరి లిస్టు ప్రకారం వాళ్ళు కరెక్టు. హిమాలయాల్లో ఉన్నది ఒళ్ళూ ముక్కూ ఇంకాస్త పెద్దది, అరుపు కూడా వేరుగా ఉంటుంది.

నోటుబుక్‌కి నేను చేసేది చెప్తా, నచ్చితే చెయ్యండి. పేరు పక్కన ఏ లిస్టు, ఏ ఏడాది అన్నది రాస్తా. ఊరు, తేదీ తప్పకుండా. ఈబర్డ్‌లో ఉపజాతి గ్రూపు ఆప్షన్ ఉంటే, ఖాయంగా తెలిస్తేనే అది ఎంచుకుంటా, ఊరిని బట్టి ఊహించి కాదు. ఇవన్నీ ఉంటే రేపు దాన్ని రెండు చేసినా నాలుగు చేసినా మీ రికార్డు ఎటు పోవాలో అటు పోతుంది.

---

షోలా_నీడ (బెంగుళూరు)

దానికి తోడు అరుపు కూడా రికార్డు చెయ్యండి. ఫోన్ చాలు, గాలి శబ్దం లేని పొద్దున చేస్తే. ఈబర్డ్ చెక్‌లిస్టుకే ఆడియో అప్‌లోడ్ చెయ్యొచ్చు. కాకి కదా అని ఎవరూ చెయ్యరు, మన ఆంధ్ర వైపు బొంతకాకి రికార్డింగులు ఎంత ఉంటే అంత మంచిది. కోవూరులో ఎలాగూ రోజూ అరుస్తూనే ఉంటాయిగా.

---

చేనుగట్టు (కోవూరు)

అరవకపోతే కదా అండి, చేపల మార్కెట్ దగ్గర పొద్దున్నే ఐదింటికే మొదలు. రేపు వెళ్ళి రికార్డు చేసి ఇక్కడే పెడతా, కొట్టువాళ్ళ అరుపులు కూడా పడితే మీరే సర్దుకోవాలి.